కరగని ఉప్పు ఎంత కరుగుతుందో వోల్టుమీటరుతో కొలవడం ఎలా

పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. కళ్ల ముందే తెల్లటి మబ్బు కమ్ముతుంది. అది సిల్వర్ క్లోరైడ్ అవక్షేపం. పాఠ్యపుస్తకం దీన్ని 'నీటిలో కరగని ఉప్పు' అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. నిజానికి బొత్తిగా కరగని ఉప్పు ఉండదు. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు శుద్ధమైన నీటిలో సిల్వర్ క్లోరైడ్ సుమారు 1.9 మిల్లీగ్రాములు కరుగుతుంది. అంత కొద్ది మొత్తాన్ని తూకం వేసి తేల్చాలంటే చాలా సున్నితమైన త్రాసు, అంతకు మించిన ఓపిక కావాలి. అదే పని రెండు వెండి తీగలు, ఒక మంచి మీటరుతో ఒక పూటలో చేయవచ్చు. ఎలా చేయాలో, ఎక్కడెక్కడ తప్పటడుగు పడుతుందో ఇక్కడ వివరిస్తాను.

విద్యుత్ రసాయన శాస్త్రంలో ద్రావణీయత పక్కన పెట్టదగిన విషయం కాదు. లెడ్ సల్ఫేట్ అంతగా కరగదు కాబట్టే లెడ్ ఆసిడ్ బ్యాటరీలో అది పలకలకే అంటిపెట్టుకుని ఉండి, చార్జింగులో మళ్లీ సీసంగా, లెడ్ డయాక్సైడ్‌గా మారగలుగుతుంది. వెనేడియం ఫ్లో బ్యాటరీలో (ద్రావణాలను గొట్టాల్లో తిప్పుతూ విద్యుత్తును నిలవచేసే బ్యాటరీ ఇది) ధన ఎలక్ట్రోడ్ వైపు ద్రావణం సుమారు 40 డిగ్రీలు దాటి వేడెక్కితే వెనేడియం పెంటాక్సైడ్ గడ్డకట్టి గొట్టాలను పూడ్చేస్తుంది. మిగతా ఎలక్ట్రోడ్ల వోల్టేజీని పోల్చి చూడటానికి ప్రయోగశాలల్లో రోజూ వాడే సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ నిలకడకు మూలం కూడా ఆ ఉప్పు అతి తక్కువగా కరగడమే.

ముందుగా ఒక తేడా తేల్చుకోండి

ఈ ప్రయోగంలో ఎక్కువ తప్పులు చేతి పనిలో జరగవు, ఆలోచనలో జరుగుతాయి. ద్రావణీయత వేరు, ద్రావణీయతా లబ్ధం వేరు. ద్రావణీయత అంటే ఏ రూపంలోనైనా సరే ద్రావణంలోకి వెళ్లిన పదార్థం మొత్తం. ద్రావణీయతా లబ్ధం అంటే సమతాస్థితిలో స్వేచ్ఛగా ఉన్న అయాన్ల క్రియాశీలతలను గుణిస్తే వచ్చే విలువ. సిల్వర్ క్లోరైడ్ విషయంలో వెండి అయాన్ క్రియాశీలతను క్లోరైడ్ అయాన్ క్రియాశీలతతో గుణించాలి. 25 డిగ్రీల దగ్గర ఆ లబ్ధం సుమారు 1.8 × 10⁻¹⁰.

వెండి తీగకు స్వేచ్ఛగా తిరిగే వెండి అయాన్ మాత్రమే 'కనిపిస్తుంది'. మరో అయాన్‌తో జట్టుకట్టిన వెండి దాని లెక్కలోకి రాదు. కాబట్టి మీటరు మీకు నేరుగా ద్రావణీయతను చెప్పదు, లబ్ధానికి దారి చూపిస్తుంది. లబ్ధం నుంచి ద్రావణీయతకు వెళ్లడం మరో అడుగు. ఆ అడుగులో ఒక గుంట ఉంది, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

క్రియాశీలత అంటే గాఢతను ఒక గుణకంతో సవరించిన విలువ. ద్రావణంలో అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ ఉంటాయి కాబట్టి, అవి తమ సంఖ్య కన్నా కాస్త తక్కువ ఉన్నట్టుగా ప్రవర్తిస్తాయి. చాలా పలుచని ద్రావణంలో ఆ గుణకం దాదాపు 1. 0.1 మోలార్ (అంటే లీటరుకు 0.1 మోల్) సిల్వర్ నైట్రేట్‌లో అది 0.734, 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో 0.770. ఈ రెండు సంఖ్యలనూ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. వీటిని వదిలేస్తే ఫలితం ఎంత పక్కకు పోతుందో లెక్క దగ్గర చూపిస్తాను.

కావలసినవి

రెండు శుద్ధమైన వెండి తీగలు, ఒక్కొక్కటి వేలెడంత పొడవు చాలు. రెండు చిన్న బీకర్లు. సిల్వర్ నైట్రేట్, పొటాషియం క్లోరైడ్, పొటాషియం నైట్రేట్. క్లోరైడ్ లేని స్వేదన జలం. థర్మామీటరు. కనీసం 10 మెగా ఓమ్‌ల అంతర్నిరోధం ఉండి, ఒక మిల్లీవోల్టు వరకు చూపే డిజిటల్ మీటరు. పీహెచ్ మీటరులో మిల్లీవోల్టు మోడ్ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే అది ఘటం నుంచి, అంటే రెండు బీకర్లు, తీగలు కలిసి ఏర్పడే చిన్న బ్యాటరీ నుంచి, దాదాపు విద్యుత్తే తీసుకోదు. పాత ముల్లు మీటరు ఇక్కడ పనికిరాదు. ముల్లును కదిలించడానికి అది లాక్కునే విద్యుత్తే ఘటం వోల్టేజీని పడగొడుతుంది.

చేతికి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే కొన్ని గంటల్లో నల్లటి మచ్చ తేలుతుంది, ఎంత రుద్దినా రోజుల తరబడి పోదు. కంట్లో పడితే మచ్చతో ఆగదు, కంటికే ప్రమాదం.

మొదటి అడుగు: ద్రావణాలు

మూడు ద్రావణాలు, ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లు, కొలతల ఫ్లాస్కులో కలపండి. సిల్వర్ నైట్రేట్ 1.70 గ్రాములు, అంటే 0.100 మోలార్. పొటాషియం క్లోరైడ్ 0.746 గ్రాములు, అదీ 0.100 మోలారే. పొటాషియం నైట్రేట్ 10.1 గ్రాములు, అంటే 1 మోలార్, ఇది వారధికి. సిల్వర్ నైట్రేట్‌ను వెలుతురు తగలని గోధుమరంగు సీసాలో ఉంచండి.

కలపడానికి ముందు నీటిని పరీక్షించండి. పరీక్షనాళికలో కాస్త నీరు తీసుకుని ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేసి, నల్లటి కాగితం ముందు పట్టి చూడండి. లేశమాత్రం మసక కనిపించినా ఆ నీరు వద్దు. సీసా మీద 'స్వేదన జలం' అని ఉన్నంత మాత్రాన నమ్మకండి. నిలవ ఉంచిన డబ్బా సరిగ్గా కడగకపోయినా క్లోరైడ్ చేరుతుంది.

రెండో అడుగు: లవణ వారధి

రెండు బీకర్ల మధ్య అయాన్లు నడవడానికి దారి కావాలి. అదే లవణ వారధి, ప్రయోగశాల భాషలో సాల్ట్ బ్రిడ్జి. వడపోత కాగితాన్ని వేలెడు వెడల్పున కత్తిరించి, మడిచి, పొటాషియం నైట్రేట్‌లో బాగా తడిపితే సరిపోతుంది. ఇంకాస్త స్థిరంగా కావాలంటే, 100 మిల్లీలీటర్ల పొటాషియం నైట్రేట్ ద్రావణంలో 3 గ్రాముల అగార్ వేసి వేడిచేసి, యూ ఆకారపు గాజు గొట్టంలో పోసి గడ్డకట్టనివ్వండి. లోపల గాలి బుడగ ఉంటే దారి తెగిపోతుంది, వెలుతురుకు ఎదురుగా పట్టి చూసుకోండి.

వారధిలో పొటాషియం క్లోరైడ్ మాత్రం వాడకండి. చదువుకునే రోజుల్లో నేను అలవాటు కొద్దీ చేతికందిన పొటాషియం క్లోరైడ్ వారధినే ముంచాను. మీటరు మీద అంకెలు కుదురుగా నిలవకుండా జారుతూనే ఉన్నాయి. గంటసేపు తీగలను, క్లిప్పులను, మీటరును అనుమానించాను. చివరికి వారధిని పైకి తీస్తే, సిల్వర్ నైట్రేట్ వైపు కొనకు తెల్లటి పొర గట్టిగా అంటుకుని ఉంది. వారధిలోని క్లోరైడ్, బీకరులోని వెండి అక్కడే కలిసి దారిని పూడ్చేశాయి. పైగా నేను 0.100 మోలార్ అనుకుంటున్న ద్రావణంలో వెండి తరిగిపోతూ ఉంది. పొటాషియం నైట్రేట్‌కు ఈ బాధ లేదు. దానికి మరో సుగుణం కూడా ఉంది. పొటాషియం అయాన్, నైట్రేట్ అయాన్ దాదాపు ఒకే వేగంతో కదులుతాయి కాబట్టి, ద్రావణాలు కలిసే చోట పుట్టే అదనపు వోల్టేజీ తక్కువగా ఉంటుంది.

మూడో అడుగు: తీగలను పరీక్షించడం

తీగలను సన్నటి గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి. సజల నైట్రిక్ ఆమ్లంలో కొన్ని క్షణాలు ముంచి తీసి, స్వేదన జలంతో బాగా కడగండి. ఆ తర్వాత వేలితో ముట్టుకోకండి. చెమటలోని క్లోరైడ్ చాలు, తీగ ఉపరితలం మీద సిల్వర్ క్లోరైడ్ పొర కట్టడానికి.

ఇప్పుడు రెండు తీగలనూ ఒకే సిల్వర్ నైట్రేట్ బీకరులో, ఒకదానికొకటి తగలకుండా ముంచి మీటరుకు కలపండి. సున్నాకు ఒకటి రెండు మిల్లీవోల్టుల లోపల ఉండాలి. ఐదు మిల్లీవోల్టులు చూపిస్తే తీగలు ఇంకా సిద్ధం కాలేదని అర్థం. మళ్లీ రుద్దండి, మళ్లీ కడగండి. ఈ పరీక్షను దాటవేసి ముందుకు వెళ్లాలనిపిస్తుంది, వెళ్లకండి. ఇక్కడి ప్రతి మిల్లీవోల్టూ చివరి ఫలితంలో 4 శాతం తప్పుగా తేలుతుంది.

దీని తర్వాత ఇంకో పరీక్ష చేస్తే మీ అమరిక మీద మీకే నమ్మకం కుదురుతుంది. 0.100 మోలార్ సిల్వర్ నైట్రేట్‌లో కొంత తీసుకుని పదింతలు పలుచన చేయండి. ఒక బీకరులో అసలు ద్రావణం, రెండో దానిలో పలుచన చేసినది, మధ్యన వారధి. 25 డిగ్రీల దగ్గర మీటరు ఎంత చూపాలి? పదింతల తేడాకు 59 మిల్లీవోల్టులు అని చాలామంది వెంటనే చెబుతారు. కానీ పదింతలు తగ్గింది గాఢత, క్రియాశీలత కాదు. 0.01 మోలార్‌లో గుణకం సుమారు 0.90, 0.1 మోలార్‌లో 0.734. క్రియాశీలతల నిష్పత్తి దాదాపు 8.2 మాత్రమే. కాబట్టి రావలసింది సుమారు 54 మిల్లీవోల్టులు. మీ మీటరు 53–55 మధ్య చూపితే అంతా సవ్యంగా ఉన్నట్టే. 59 రాలేదని కంగారుపడి తీగలను మార్చేవారిని చూశాను. తీగలు సరిగ్గానే ఉన్నాయి, ఆశించిన అంకే తప్పు.

నాలుగో అడుగు: అసలు కొలత

ఒక బీకరులో 50 మిల్లీలీటర్ల 0.100 మోలార్ సిల్వర్ నైట్రేట్ పోయండి. రెండో బీకరులో 50 మిల్లీలీటర్ల 0.100 మోలార్ పొటాషియం క్లోరైడ్ పోసి, అందులో సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేసి కలపండి. తెల్లటి మసక వస్తుంది. ఆ రెండు చుక్కల వల్ల తరిగే క్లోరైడ్ సుమారు 0.2 శాతం, లెక్కలోకి తీసుకోనవసరం లేదు. మసక కనిపిస్తూనే ఉండాలి. ఘనపదార్థం మిగిలి ఉన్నప్పుడే ద్రావణం సంతృప్తమైందని చెప్పగలం.

అవక్షేపం పడిన వెంటనే కొలవకండి. అప్పుడే పుట్టిన కణాలు మరీ చిన్నవి, చిన్న కణం పెద్దదానికన్నా కాస్త ఎక్కువగా కరుగుతుంది. అరగంట సేపు అప్పుడప్పుడు కలుపుతూ, వెలుతురుకు దూరంగా ఉంచండి. సిల్వర్ క్లోరైడ్ వెలుతురులో విడిపోయి ఊదా బూడిదరంగుకు తిరుగుతుంది. బీకరు చుట్టూ నల్లకాగితం చుడితే చాలు.

రెండు బీకర్లనూ ఒకే నీటితొట్టెలో ఉంచి, ఉష్ణోగ్రత సమానమయ్యాక తీగలు ముంచండి. వారధిని పెట్టండి. సిల్వర్ నైట్రేట్‌లో ఉన్న తీగ మీటరు ధన కొనకు, క్లోరైడ్ వైపు తీగ రుణ కొనకు. ఐదు నిమిషాల్లో అంకె ఒక మిల్లీవోల్టు కూడా కదలనప్పుడు రాసుకోండి. పక్కనే ఉష్ణోగ్రతను కూడా రాయండి. ఉష్ణోగ్రత లేని వోల్టేజీతో ఏ లెక్కా చేయలేం.

అన్నీ సరిగ్గా ఉంటే 25 డిగ్రీల దగ్గర సుమారు 444 మిల్లీవోల్టులు రావాలి. ఒకవైపు వెండి అయాన్లు పుష్కలంగా ఉన్నాయి, మరోవైపు దాదాపు లేవు. ఆ అంతరాన్ని తీగలు వోల్టేజీగా మార్చి చెబుతున్నాయి. క్లోరైడ్ వైపు తీగకు ఒక గుర్తు పెట్టి, ఇకపై దాన్ని అటువైపే వాడండి.

ఐదో అడుగు: లెక్క

జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ 1889లో ఎలక్ట్రోడ్ వోల్టేజీకి, అయాన్ల గాఢతకు ఉన్న సంబంధాన్ని సమీకరణంగా రాశాడు. ఒక ఉప్పు ద్రావణీయతను మరో ఉప్పు ఎలా తగ్గిస్తుందో వివరించింది కూడా ఆ ఏడాదే. ఈ ప్రయోగంలో ఆ రెండు పనులూ ఒకే బల్ల మీద కలుస్తాయి. ఆయనకు 1920వ సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. మన ఘటానికి ఆ సమీకరణం ఇలా ఉంటుంది:

వోల్టేజీ (మిల్లీవోల్టుల్లో) = 59.16 × లాగరిథం (సిల్వర్ నైట్రేట్ వైపు వెండి అయాన్ క్రియాశీలత ÷ క్లోరైడ్ వైపు వెండి అయాన్ క్రియాశీలత)

59.16 అనేది 25 డిగ్రీలకు మాత్రమే. 30 డిగ్రీలకు 60.15 తీసుకోవాలి.

444ను 59.16తో భాగిస్తే 7.505. పది ఘాతం 7.505 అంటే 3.2 కోట్లు. సిల్వర్ నైట్రేట్ వైపు వెండి క్రియాశీలత 0.100 × 0.734 = 0.0734. దాన్ని 3.2 కోట్లతో భాగిస్తే 2.3 × 10⁻⁹. క్లోరైడ్ వైపు స్వేచ్ఛగా ఉన్న వెండి అయాన్ క్రియాశీలత అంతే. దీన్ని క్లోరైడ్ క్రియాశీలత 0.100 × 0.770 = 0.0770తో గుణించండి. 1.77 × 10⁻¹⁰ వస్తుంది. అదే ద్రావణీయతా లబ్ధం.

గుణకాలను వదిలేసి చూడండి. 0.100ను 3.2 కోట్లతో భాగించి, మళ్లీ 0.100తో గుణిస్తే 3.1 × 10⁻¹⁰ వస్తుంది. అసలు విలువ కన్నా 75 శాతం ఎక్కువ. మీటరు తప్పు చెప్పలేదు, తీగలు మోసం చేయలేదు. గాఢతను, క్రియాశీలతను ఒకటే అనుకోవడం వల్ల వచ్చిన తేడా ఇది. పాఠశాల స్థాయి నివేదికల్లో ఫలితం తేడాగా వచ్చినప్పుడు 'ప్రయోగ దోషం' అని రాసి వదిలేస్తుంటారు. ఆ దోషం చాలావరకు ఈ రెండు గుణకాల్లోనే ఉంటుంది.

ఈ ఒక్క కొలతతో ఆగకండి. పొటాషియం క్లోరైడ్‌ను 0.0100 మోలార్‌కు పలుచన చేసి, మళ్లీ రెండు చుక్కలు వేసి కొలవండి. ఈసారి రెండు చుక్కలు తినే క్లోరైడ్ 2 శాతం అవుతుంది కాబట్టి దాన్ని లెక్కలో తీసివేయాలి, లేదా ఒక్క చుక్కతో సరిపెట్టుకోవాలి. వోల్టేజీ సుమారు 389 దగ్గరకు దిగాలి, లబ్ధం మాత్రం మారకూడదు. క్లోరైడ్ మారినప్పుడల్లా లబ్ధం కూడా ఒకే దిక్కుగా మారుతూ పోతే, ఆ సంఖ్యను నమ్మకండి.

ఎంతవరకు నమ్మవచ్చు

ఒక మిల్లీవోల్టు అటూ ఇటూ అయితే ఫలితం 4 శాతం మారుతుంది. పది మిల్లీవోల్టులైతే దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వారధి మారితే అంకె ఎంత మారుతుందో చూడాలంటే, పొటాషియం నైట్రేట్ బదులు అమ్మోనియం నైట్రేట్‌తో మరో వారధి చేసి కొలవండి. రెండు అంకెల మధ్య తేడాను మీ కొలతలో కనీస అనిశ్చితిగా రాయండి.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది ఉష్ణోగ్రత. సిల్వర్ క్లోరైడ్ కరగడానికి మోలుకు సుమారు 65 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటుంది. అందువల్ల గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్క డిగ్రీ పెరిగితే లబ్ధం దాదాపు 9 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 1.77 × 10⁻¹⁰ ఉన్నది 30 డిగ్రీలకు 2.7 × 10⁻¹⁰ దాటుతుంది. గది 30 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిచి, పుస్తకంలోని 25 డిగ్రీల విలువతో పోల్చి నిరాశపడటంలో అర్థం లేదు. మీది సరైన కొలతే, అది 30 డిగ్రీలది. ఫలితాన్ని రెండు సార్థక అంకెలకు మించి రాయకండి. ఈ అమరిక అంతకు మించి చెప్పలేదు.

లబ్ధం నుంచి ద్రావణీయతకు

శుద్ధమైన నీటిలో వెండి, క్లోరైడ్ అయాన్లు సమానంగా ఉంటాయి. కాబట్టి లబ్ధానికి వర్గమూలం తీస్తే 1.33 × 10⁻⁵ మోల్ వస్తుంది. దాన్ని 143.3తో గుణిస్తే లీటరుకు 1.9 మిల్లీగ్రాములు. మొదట్లో చెప్పిన సంఖ్య ఇదే. నీటిలో అంత తక్కువ అయాన్లు ఉన్నప్పుడు తీగ నిలకడగా పనిచేయదు. అందుకే శుద్ధమైన నీటిలో నేరుగా కొలవకుండా, క్లోరైడ్ ఎక్కువగా ఉన్న చోట కొలిచి ఇలా వెనక్కి లెక్కకట్టాం.

ఇప్పుడు ఆ గుంట. 0.1 మోలార్ క్లోరైడ్‌లో సిల్వర్ క్లోరైడ్ ఎంత కరుగుతుంది? లబ్ధాన్ని క్లోరైడ్‌తో భాగించి, లీటరుకు సుమారు 3 × 10⁻⁹ మోల్ అని చెప్పేస్తే తప్పు. స్వేచ్ఛగా ఉన్న వెండి అంతే, నిజమే. కానీ క్లోరైడ్ ఎక్కువగా ఉన్నప్పుడు ఒక వెండి అయాన్ రెండు క్లోరైడ్‌లను పట్టుకుని సంక్లిష్ట అయాన్‌గా ద్రావణంలోకి వెళ్లిపోతుంది. ఆ రూపంలో ఉన్న వెండి లీటరుకు సుమారు 2 × 10⁻⁶ మోల్, అంటే స్వేచ్ఛగా ఉన్నదానికన్నా వందల రెట్లు ఎక్కువ. తీగకు అది కనిపించదు. ద్రావణీయత అంటే మాత్రం అదీ కలిసిన మొత్తం.

దీని పర్యవసానం చూడండి. క్లోరైడ్ కలుపుతూ పోతే సిల్వర్ క్లోరైడ్ కరగడం మొదట తగ్గుతుంది. క్లోరైడ్ లీటరుకు సుమారు 0.003 మోల్ ఉన్నప్పుడు అట్టడుగుకు చేరుతుంది. అక్కడి నుంచి మళ్లీ పెరుగుతుంది. క్లోరైడ్ ఎంత ఎక్కువ వేస్తే అంత పూర్తిగా అవక్షేపం పడుతుందని నమ్మి గుప్పెళ్లకొద్దీ ఉప్పు వేసేవారు నిజానికి వెండిని మళ్లీ ద్రావణంలోకి పంపుతున్నారు. సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌లో నింపే గాఢ పొటాషియం క్లోరైడ్‌ను చాలా చోట్ల ముందే సిల్వర్ క్లోరైడ్‌తో సంతృప్తం చేసేది ఇందుకే. లేకపోతే తీగ మీది పూతనే ఆ ద్రావణం నెమ్మదిగా తినేస్తుంది.

బ్రోమైడ్, అయోడైడ్

ఇదే అమరికలో పొటాషియం క్లోరైడ్ బదులు 0.1 మోలార్ పొటాషియం బ్రోమైడ్ పెడితే సుమారు 593 మిల్లీవోల్టులు, పొటాషియం అయోడైడ్ పెడితే సుమారు 818 మిల్లీవోల్టులు రావాలి. లబ్ధాలు వరుసగా 5.4 × 10⁻¹³, 8.5 × 10⁻¹⁷. ఒక్కో ఉప్పుకు కొత్తగా రుద్దిన తీగ వాడండి. క్లోరైడ్ పూత ఉన్న తీగను అయోడైడ్‌లో ముంచితే, తీగ మీది తెలుపు కళ్ల ముందే పసుపుకు తిరుగుతుంది. తక్కువ కరిగే ఉప్పు ఎక్కువ కరిగేదాన్ని తోసేసి దాని చోటు ఆక్రమించడమే అది. ద్రావణీయత గురించి పది పేజీలు చదివిన దానికన్నా ఆ రంగు మార్పును ఒక్కసారి చూడటం మేలని నా నమ్మకం.

తీగ పనికిరాని చోట

ప్రతి ఉప్పుకూ తగిన లోహపు తీగ దొరకదు. బేరియం సల్ఫేట్‌కు బేరియం తీగ పెడదామంటే అది నీటిలోనే చర్య జరిపి కరిగిపోతుంది. అటువంటి చోట వాహకత దారి ఉంది, అంటే ద్రావణం విద్యుత్తును ఎంత బాగా మోస్తుందో కొలవడం. సంతృప్త ద్రావణం వాహకత నుంచి నీటి వాహకతను తీసివేసి, అయాన్ల మోలార్ వాహకతతో భాగిస్తే గాఢత వస్తుంది. సంతృప్త ద్రావణంలో సిల్వర్ క్లోరైడ్ వంతు వాహకత సెంటీమీటరుకు సుమారు 1.8 మైక్రోసీమెన్లు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకున్న స్వేదన జలానికే దాదాపు 1 మైక్రోసీమెన్ ఉంటుంది. మీటరు చూపేదానిలో మూడో వంతుకు పైగా తీసివేతే అన్నమాట. కాబట్టి నీటిని మరిగించి, మూతపెట్టి చల్లార్చి వాడండి. ఉప్పు పొడిని కూడా మూడు నాలుగు సార్లు కడిగి, ఆఖరి కడుగులో వాహకత స్థిరపడ్డాకే కొలవండి. పొడిలో దాగిన పిసరంత సోడియం నైట్రేట్ మొత్తం కొలతను మింగేస్తుంది.

మీరు కొలవదలచినది ఉప్పు కాకుండా, ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే అణువైతే, ఉదాహరణకు ఫ్లో బ్యాటరీ కోసం పరీక్షిస్తున్న క్వినోన్ అనే కర్బన అణువైతే, పద్ధతి మారుతుంది. అక్కడ వోల్టేజీని కాదు, విద్యుత్ ప్రవాహాన్ని చూడాలి. వోల్టేజీని పైకీ కిందికీ మారుస్తూ ప్రవాహాన్ని కొలిచే సైక్లిక్ వోల్టామెట్రీలో కనిపించే శిఖర ప్రవాహం అణువు గాఢతకు అనులోమంగా ఉంటుంది. 1948లో వచ్చిన రాండిల్స్–షెవ్‌చిక్ సమీకరణం చెప్పేది అదే. ఆ సమీకరణంలో ఎలక్ట్రోడ్ వైశాల్యం, వ్యాపన గుణకం (అణువు ద్రావణంలో ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పేది) వంటివి కూడా ఉంటాయి. వాటిని విడివిడిగా కొలవడం కన్నా, తెలిసిన గాఢతలతో నాలుగైదు ద్రావణాలు చేసి, శిఖర ప్రవాహంతో గీత గీసి, తెలియని దాన్ని ఆ గీత మీద చదువుకోవడం తేలిక, నమ్మకం కూడా.

ఇందులో మూడు జాగ్రత్తలు. ఒకటి, సంతృప్త ద్రావణాన్ని వడపోసి, తెలిసినంత పలుచన చేసి కొలవండి. చిక్కటి ద్రావణంలో స్నిగ్ధత పెరిగి అణువులు నెమ్మదిగా కదులుతాయి, ప్రవాహం తగ్గి గాఢత తక్కువగా కనిపిస్తుంది. రెండు, బ్యాటరీలో ఉండబోయే ఆమ్లం లేదా ఉప్పు అంతే మోతాదులో ఉన్న ద్రావణంలోనే సంతృప్తం చేయండి. శుద్ధమైన నీటిలో కరిగినంతా గాఢమైన విద్యుద్విశ్లేష్యంలో కరుగుతుందని చెప్పలేం, చాలాసార్లు తక్కువే కరుగుతుంది. మూడోది అందరూ వదిలేసేది. సమతాస్థితిని రెండు వైపుల నుంచి పట్టుకోవాలి. ఒక సీసాలో పొడి వేసి కోరిన ఉష్ణోగ్రత దగ్గర రోజంతా తిప్పండి. రెండో సీసాను ముందు కాస్త వేడిచేసి ఎక్కువ కరగనిచ్చి, తర్వాత అదే ఉష్ణోగ్రతకు చల్లార్చి, ఘనపదార్థంతో సహా అంతసేపే తిప్పండి. ఒకటి కింది నుంచి, ఒకటి పైనుంచి వచ్చి ఒకే విలువ దగ్గర కలిస్తే అదే ద్రావణీయత. కలవకపోతే ఇంకొక రోజు తిప్పండి. ఇక్కడ తొందరపడి రాసిన సంఖ్యను నమ్మి బ్యాటరీ కట్టినవారికి, ఆ తర్వాత ఎప్పుడో గొట్టాల్లో స్ఫటికాలు కనిపిస్తాయి.

పని అయ్యాక

వెండి ఉన్న ద్రావణాలను తొట్టిలో పారబోయకండి. వెండి అయాన్ నీటిలోని జీవులకు విషం. సిల్వర్ నైట్రేట్ మిగులులో, కొత్తగా మసక రావడం ఆగేదాకా మాత్రమే పొటాషియం క్లోరైడ్ కలపండి, అంతకు మించి వేయనవసరం లేదని పైన చూశాం. తేరుకున్నాక వడపోసి, తెల్లటి అవక్షేపాన్ని పేరు, తేదీ రాసిన సీసాలో దాచి ప్రయోగశాల వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. వడపోసిన ద్రవాన్నీ వారికే అప్పగించండి. గాజుసామానుకు అంటిన సిల్వర్ క్లోరైడ్‌ను అమోనియాతో కడగవచ్చని కొందరు చెబుతారు. అది కరిగే మాట నిజమే, కానీ వెండి కలిసిన అమోనియా ద్రావణం నిలవ ఉంటే ముట్టుకుంటేనే పేలే పదార్థం తయారవుతుంది. కాబట్టి దాని జోలికి వెళ్లకండి. తీగల మీది పూతను గరుకు కాగితంతో తీసేసి, కడిగి, ఆరబెట్టి, పొడి కాగితంలో చుట్టి దాచండి.